ఇసుక కింద తీగ

ఫోంటనెలాస్
ఫిబ్రవరి, 1954

ఒరేయ్ బెల్మీరో,

ఈ కబురు వేరే ఎవరి నోటనో వినేకంటే అక్క నోట వినడం మంచిది. నేను బాగానే ఉన్నాను, ఇల్లూ బాగానే ఉంది, నాన్న ద్రాక్షతోట మాత్రం కనపడటం లేదు.

కనపడటం లేదంటే పోయిందని కాదు. ఇసుక కింద ఉంది. పోయిన వారమంతా తుపాను. సముద్రం వైపు రెల్లు దడి విరిగి ఎటు ఎగిరిపోయిందో తెలియదు. దడి పడ్డాక ఇసుకకు అడ్డేముంది? దిబ్బకు దిబ్బే నడిచి లోపలికొచ్చి కూర్చుంది. ఇంటి వైపు మోకాలి లోతు. సముద్రం వైపు మనిషి మునిగే లోతు. మన ఆపిల్ చెట్టు నడినెత్తి మీది కొమ్మలు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి.

పక్కింటి ఎర్మీనియో మామ వచ్చి చూసి, టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు.

"ఎవరైనా పోయారా మామా?" అన్నాను.

"మీ నాన్న ఇంకోసారి పోయినట్టుందే అమ్మాయ్."

"టోపీ పెట్టుకో, జలుబు చేస్తుంది. పార జోలికి పోకు. ముందు రెల్లు కోసుకురా, దడి కట్టాలి" అన్నాను.

ఇంకో సంగతి. లిస్బన్ నుంచి తెల్ల బూట్ల దొర ఒకడు వచ్చాడు. ఇక్కడ వేసవి మేడ కట్టుకుంటాడట. తోట ఎలాగూ పోయింది కదా, సముద్రం మాత్రం బాగా కనిపిస్తోంది అన్నాడు. నాన్న పోతూ తోటను ఇద్దరికీ కలిపే రాశాడు కాబట్టి మన ఇద్దరి సంతకాలూ కావాలట. నీకూ రాసే ఉంటాడు. నాకు చెప్పకుండా కలం ముట్టుకున్నావంటే, చిన్నప్పుడు మెలేసిన చెవి ఇంకా నీ తలకే ఉందని గుర్తుపెట్టుకో.

మరదలు ఫెలిస్మినాను అడిగానని చెప్పు.

మీ అక్క
యులాలియా


సాంతార్
మార్చి, 1954

అక్కకు,

నీ ఉత్తరం చదివి ఫెలిస్మినా ఏడ్చింది. నేను ఏడవలేదు. ఆ దిబ్బ ఎప్పుడో ఒకప్పుడు ఈ పని చేస్తుందని నాకు తెలుసు.

నీతో దాపరికమెందుకు, లిస్బన్ పెద్దమనిషి నాకు రాసిన మాట నిజమే. మర్యాదస్తుడిలా ఉన్నాడు. సంతకం పెడదామనే నా ఉద్దేశం. నీకు యాభై దాటాయి. మనిషి లోతు ఇసుక తోడటం నీ వల్ల, ఎనభయ్యేళ్ల ఎర్మీనియో మామ వల్ల అయ్యే పనేనా? కావాలంటే నలుగురు మనుషుల్ని పారలిచ్చి పంపుతాను. తవ్వి చూడండి. ఎండిన కట్టెలు తప్ప ఏమీ దొరకవు.

తోట పోయిందని వంశం పోయినట్టు బాధపడకు. పెళ్లయి ఇక్కడికి వచ్చిన ఏడాది నాన్న తోటలోంచి కొమ్మలు కోసి తెచ్చుకున్నాను కదా. ఈ నల్లరాతి కొండ మీద, మంచి వేరు మీద అంటు కట్టి పెంచాను. అదే రమిస్కో ద్రాక్ష, అదే తీగ. ఇక్కడ ఎండ ఉంది, పొగమంచు లేదు, కాయ నిండుగా పండుతుంది. వైన్ పుట్టేది తీగలోంచి అక్కా, ఇసుకలోంచి కాదు. ఇసుక పడుకునే పక్క మాత్రమే. పక్క మార్చినంత మాత్రాన మనిషి మారతాడా?

ఈ మధ్య విసేవు నుంచి డాక్టరు సెరాఫిం గారు మా ఇంటికి భోజనానికి వచ్చి, నేను పోసిన వైన్‌ను ఎంత మెచ్చుకున్నారో వింటే నువ్వు నమ్మవు. ఆ ముచ్చట తీరిగ్గా రాస్తాను.

ఆలోచించుకో.

నీ తమ్ముడు
బెల్మీరో


ఫోంటనెలాస్
ఏప్రిల్, 1954

తమ్ముడూ,

పక్క మారితే మనిషి మారడా? పదహారేళ్ల కిందట ఇక్కణ్ణించి వెళ్లినవాడు సార్డీను చేపను తల నుంచి తోక దాకా చేత్తో తినేవాడు. మొన్న నాన్న సంవత్సరీకానికి వచ్చినవాడు ఫోర్కు అడిగాడు.

నలుగుర్నీ కాదు, ఒక్కణ్ణి కూడా పారతో పంపకు. పార పడితే నిజంగా చస్తుంది నా తోట. కొండవాళ్లతో కాపురం చేసి ఇసుకవాళ్ల పని మర్చిపోయావు, మళ్లీ చెబుతాను విను. మనం కొత్త తీగను ఎలా తెస్తాం? పాత తీగ కొమ్మను వంచి, ఇసుకలో పాతి, కొసను మాత్రం బయటికి వదులుతాం. తల్లి పాలు తాగుతూనే ఆ కొమ్మ తన వేళ్లు తాను పెట్టుకుంటుంది. వేళ్లు గట్టిపడ్డాక తల్లికీ దానికీ మధ్య కోసేస్తాం. అంటు తొక్కడం అంటే అదే కదా. ఈసారి మనం తొక్కలేదు, తుపాను తొక్కింది. అంతే తేడా.

అందుకని మేము తవ్వలేదు. ముందు దడి కట్టాం. తర్వాత నేనూ మామా మోకాళ్ల మీద కూర్చుని, ఇసుకలో చెయ్యి పెట్టి తడుముకుంటూ, ఒక్కొక్క కొమ్మ కొసా వెతికి బయటికి లాగి రెల్లుపుల్లకు ఆనించాం. అదృష్టం కొద్దీ కొమ్మలు ఇంకా కత్తిరించలేదు, పొడుగ్గా ఉన్నాయి. ఊళ్లోవాళ్లు మమ్మల్ని చూసి నవ్వుతున్నారు. "యులాలియా ఇసుకలో ఏం పోగొట్టుకుందో!" అంటున్నారట. నవ్వనీ.

వైన్ తీగలోంచి పుడుతుందన్నావు. తాత రోజుల్లో వేరుపురుగు వచ్చి దేశంలో తీగలన్నిటినీ తినేసింది. మీ కొండలవాళ్లు అమెరికా వేళ్లు తెచ్చుకుని, వాటి నెత్తిన అంటు కట్టుకుని బతికారు. మన ఇసుకలో ఆ పురుగు తవ్విన దారల్లా కూలిపోయింది. అందుకే మన తీగ ఈనాటికీ తన కాళ్ల మీద తాను నిలబడింది. ఎప్పుడో ఒక రాజు, ద్రాక్ష నాటండి అని ఈ నేల ఇచ్చాడని మామ చెబుతాడు. రాజు సంగతి నాకు తెలియదు. తాత తొక్కిన తీగకు నాన్న తొక్కిన తీగ, దానికి నేను తొక్కినది. కొత్తది ఏదీ కాదు, అదే తీగ నడుచుకుంటూ వచ్చింది. ఇసుక లేకపోతే అది ఎక్కడ నడిచేది?

సరే, వాదన ఎందుకు. ముంజేతి కంకణానికి అద్దమెందుకు? నాన్న తీగతో నీ కొండ మీద చేసిన వైన్ సీసా ఒకటి పంపు. ఇక తోట మాట అంటావా, సాన్ జువావు పండుగ దాకా గడువివ్వు. జూన్ చివరికి తోట పచ్చబడకపోతే నా చేత్తో నేనే సంతకం పెడతాను. నాన్న మీద ఒట్టు.

అక్క


సాంతార్
మే, 1954

అక్కా,

ఒట్టు పెట్టావు, ఒప్పుకున్నాను. మాట మీద నిలబడేవాణ్ణే కాబట్టి నా సంతకం ఉన్న కాగితం ఇందులోనే పెట్టాను. నువ్వు గెలిస్తే దాన్ని ఏం చేసుకుంటావో చేసుకో. ఓడితే పండుగ నాడే దొరకు ఇచ్చెయ్యి. మళ్లీ ఉత్తరాలతో సాగదీయొద్దు.

వైన్ సీసా రైల్లో వస్తుంది. గడ్డి బాగా చుట్టించాను.

డాక్టరు గారి ముచ్చట చెబుతానన్నాను కదా. మొదటి గుక్కకు మొహం ముడిచారు. "నాలుక పట్టేసిందయ్యా, ఇంత వగరా?" అన్నారు. వేటమాంసం కూర వచ్చేదాకా గ్లాసు పక్కన పెట్టి, మళ్లీ ఒక గుక్క తాగారు. అక్కా, ఆ మొహం నువ్వు చూడాల్సింది. "పుల్ల చెర్రీ, తడిసిన దేవదారు చెక్క, ఆఖర్లో పెదవి మీద ఉప్పు. ఎక్కడిదయ్యా ఇది?" అన్నారు. నేను కిటికీలోంచి నా కొండ వైపు చెయ్యి చూపించాను.

ఆయన కూతురి పెళ్లి వచ్చే వసంతంలో. ఆ పెళ్లికి ఈ వైనే కావాలని పట్టుబట్టారు. చూశావా మరి, తీగ గొప్పతనం!

బెల్మీరో


ఫోంటనెలాస్
సాన్ జువావు పండుగ మర్నాడు

తమ్ముడూ,

ముందు సీసా సంగతి, తర్వాత తోట సంగతి.

నీ సీసాను ఎర్మీనియో మామతో కలిసి తీశాను. ఘుమఘుమలాడింది. మెత్తగా, తియ్యగా, జామ్ పూసిన రొట్టెలా ఉంది. వగరు లేదు, ఉప్పు లేదు. నోట్లో పోసుకోగానే మంచివాడిలా లోపలికి వెళ్లిపోయింది. మామ రెండో గ్లాసు కూడా తాగి, "మంచి పిల్లాడమ్మా, ఎవరితోనూ పేచీ పెట్టుకోడు. కానీ నా మనవరాలినైతే ఇవ్వను" అన్నాడు.

తర్వాత నీ ఉత్తరం తీసి మళ్లీ చదివాను. నాలుక పట్టేసిందట. దేవదారు చెక్కట. పెదవి మీద ఉప్పట! సముద్రానికి అన్ని కొండల అవతల నీ వైన్‌లోకి ఉప్పు ఎక్కణ్ణించి వచ్చిందిరా? డాక్టరు తాగింది ఈ సీసాలోది కాదు. నీ పెళ్లి ఏడాది, ముప్ఫై ఎనిమిదిలో, నాన్న పెట్టిన వైన్ అది. నాన్న పోయాక నీ వాటా సీసాలు నువ్వే గడ్డిలో చుట్టుకుని పట్టుకెళ్లావు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. నువ్వు నాన్న సొమ్ముతో కొండకు పేరు తెచ్చావు. కోపం రాలేదు, నిజం చెబుతున్నాను. నవ్వొచ్చింది. ఇసుక పక్క మాత్రమే అన్నవాడు, తీరా గొప్పవాడి ముందు గ్లాసు నింపాల్సి వచ్చేసరికి ఆ పక్కలోంచే తీశాడు కదా అని.

ఇక తోట. నిన్న వీధిలో సార్డీన్లు కాలుతున్నాయి, పిల్లలు మంట దూకుతున్నారు, దొర కొలత టేపు పట్టుకుని దిగాడు. అవే తెల్ల బూట్లు. తిన్నగా తోటలోకి నడిచాడు.

"ఆగండి దొరా, మా నాన్న మీద నిలబడ్డారు" అన్నాను.

ఒక్క గెంతు గెంతాడు. కిందికి చూస్తే ఆకు! ఒకటి కాదు, వరస పొడుగునా ఉన్నాయి. జానెడు చిగుళ్లు, ఎర్రటి కొసలు. "ఏవో నాలుగు కలుపు మొక్కలు" అన్నాడు. నేను పక్కనే కూలబడి చేత్తో ఇసుక తోడి, పాతుకుపోయిన కొమ్మ చూపించాను. కొమ్మ పొడుగునా తెల్లటి వేళ్లు, కొత్త పళ్లలా. ఎర్మీనియో మామ ఈసారి టోపీ తీసి గాల్లోకి విసిరాడు.

ఇదంతా ఇంటి వైపు సగం మాట. సముద్రం వైపు సగంలో ఒక్క ఆకు రాలేదు. అక్కడ ఇసుక మరీ లోతు, కొసలు నా చేతికి అందలేదు. ఇది నీకు దాచను. దొర చెయ్యి చాపి "కాగితం ఉందా?" అన్నాడు. ఉంది, గౌను జేబులోనే ఉంది. లేదని అబద్ధం చెప్పలేదు. "మా తమ్ముణ్ణి అడిగి చెబుతాను" అన్నాను.

తోట పచ్చబడకపోతే సంతకం పెడతానని ఒట్టు పెట్టాను. సగం పచ్చబడింది. నేను గెలిచానా ఓడానా? నా తోట కాబట్టి నేను తీర్పు చెప్పకూడదు. నువ్వు చెప్పు. ఇచ్చెయ్యమంటే ఇచ్చేస్తాను.

అక్క


సాంతార్
జూలై, 1954

అక్కా,

మూడు ఉత్తరాలు రాసి చించేశాను. ఇది పోస్టు చేస్తున్నాను.

అవును, నాన్న సీసానే. డాక్టరు గారికి నాదని నేను నోటితో చెప్పలేదు. నాది కాదనీ చెప్పలేదు. చెయ్యి చూపించాను. ఆ చెయ్యి ఇప్పటికీ నాకు బరువుగానే ఉంది.

ఎందుకు చేశానంటే చెబుతాను, నవ్వకు. పదహారేళ్లుగా ఈ ఊళ్లో నేను ఫెలిస్మినా మొగుణ్ణి. తోట మామగారిది, ఇల్లు మామగారిది, ఆఖరికి చర్చిలో కూర్చునే బల్ల కూడా మామగారిదే. నన్నెవరూ నువ్వెక్కడివాడివని అడగలేదు. ఆ రోజు ఒక పెద్దమనిషి నా మొహంలోకి చూసి "ఎక్కడిది?" అని అడిగాడు. సముద్రం అనే మాట గొంతు దాకా వచ్చింది, బయటికి రాలేదు. వస్తే ఆయన నన్ను మెచ్చుకోవడం మానేసి నాన్నను మెచ్చుకునేవాడు.

నా కొండ మీద రమిస్కోకు ఆకులు ఎక్కువ, పస తక్కువ. నాకు ఎప్పుడో తెలుసు. తీగ అదే, నిజం. కానీ దానికి ఇక్కడ భయపడాల్సిందేమీ లేదు. గాలి లేదు, ఉప్పు లేదు, ఇసుక లేదు. నాలాగే సుఖంగా ఉంది. మామ అన్న మాట ఫెలిస్మినాకు చదివి వినిపించాను. "మీ గురించే అన్నట్టుంది" అంది.

ఇదిగో నా తీర్పు. ఇంటి వైపు సగం నువ్వు గెలిచావు. సముద్రం వైపు సగం ఎవరూ ఓడలేదు, ఇంకా ఆట అవలేదు. కాగితం దొరకు ఇవ్వకు. నేనే ఆయనకు రాస్తున్నాను, తోట అమ్మకానికి లేదని.

డాక్టరు గారికి ఏం చెప్పాలో మాత్రం తెలియడం లేదు. నాన్న సీసా ఇంకొక్కటే మిగిలింది.

బెల్మీరో


ఫోంటనెలాస్
అక్టోబరు, 1954

ఒరేయ్ తమ్ముడూ,

కోత అయింది. కాత కొంచెమే, కానీ ఉన్నది బంగారం. ఎండాకాలమంతా గుత్తులు వేడి ఇసుకకు తగలకుండా రెల్లుపుల్లలు ఆనించి లేపి పెట్టాను. మామ ఒక పండు చిదిమి నాలుక మీద వేసుకుని, "నా దవడ ఇంకా ఉందన్నమాట" అన్నాడు. అంత వగరు! వచ్చిన వైన్‌ను విడిగా చిన్న పీపాలో పోయించాను. పదేళ్ల దాకా దాని జోలికి పోనివ్వను. అప్పటికి నాకు అరవై దాటతాయి, పీపా కంటే ముందు నేను మెత్తబడతానేమో చూడాలి.

నీ కాగితం దాచిపెట్టలేదు. సముద్రం వైపు దడిలో ఒక సందు మిగిలింది, అందులోంచి ఇసుక కారుతుంటే నాలుగు మడతలు పెట్టి కుక్కాను. మంచి కాగితం, బాగా పట్టింది. నీ సంతకం జీవితంలో మొదటిసారి తోటకు పనికొచ్చింది.

నీకు ఒక మాట చెప్పలేదు. నువ్వు పెళ్లి చేసుకుని రైలెక్కిన రోజు నాన్న నీతో స్టేషనుకు రాలేదని నీకు ఇప్పటికీ మనసులో ఉంది, నాకు తెలుసు. ఆ రోజు ఆయన వైన్ గదిలో ఉన్నాడు. ఆ ఏడాది వైన్‌లోంచి మంచి పీపా వేరు చేసి, దాని మీద సుద్దతో నీ పేరు రాశాడు. "ఇంత వగరు వైన్ ఎవరికి నాన్నా?" అంటే, "బెల్మీరోకి. వాడూ ఇదీ ఒకేసారి మెత్తబడతారు. అప్పుడు వస్తాడు" అన్నాడు. ఆయన ఉన్నంతకాలం నీతో చెప్పనివ్వలేదు. అడిగి రప్పించుకుంటే అది రావడం కాదన్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. సముద్రం వైపు సగం ఇక దానంతట అది రాదు. చలికాలంలో కందకం తవ్వి, ఇసుక దాటి అడుగున బంకమట్టి తగిలేదాకా దిగి, బతికిన వరసలోంచి కొమ్మలు తెచ్చి అక్కడ నాటాలి. దిగినవాడికి తల మీద బుట్ట. కందకం గోడ కూలి ఇసుక వాడి మీద పడితే, పైవాళ్లు తోడి తీసేదాకా ఆ బుట్టలో ఉన్న గాలే ఊపిరి. నాన్న బుట్ట ఇంకా మేకుకు వేలాడుతోంది. పైన నిలబడి గోడను కనిపెట్టుకుని ఉండేదెవరో దిగేవాడే చెప్పాలి, అది మన రివాజు. నాన్న దిగిన ప్రతిసారీ ఎవరి పేరు చెప్పేవాడో నీకు గుర్తుందా? ఊళ్లో అంతమంది మగాళ్లుండగా పన్నెండేళ్ల నీ పేరు చెప్పేవాడు.

మామ దిగలేడు. కుర్రాళ్లెవరూ ఈ పని నేర్చుకోలేదు. నేనే దిగుతాను. ఆడది కందకంలోకి దిగడమేమిటని ఊరంతా ముక్కున వేలేసుకుంటోంది. వేసుకోనీ. పైన మాత్రం నాకు నమ్మకమున్న మనిషి కావాలి.

నీ పేరు చెప్పాను. వస్తావా?

యులాలియా


సాంతార్
సాన్ మార్టీన్యో పండుగ దాటాక, నవంబరు, 1954

అక్కా,

పండుగ నాడు డాక్టరు గారిని భోజనానికి పిలిచాను. చెస్ట్‌నట్‌లు కాల్చాం, కొత్త వైన్ రుచి చూశాం. అవన్నీ అయ్యాక నాన్న ఆఖరి సీసాను నేనే బల్ల మీదికి తెచ్చాను. ఈసారి కూజాలో ఒంపి తీసుకురాలేదు. సీసాను సీసాగానే పెట్టాను. నాన్న సీసాలను ఇసుకలో గుచ్చి నిలబెట్టేవాడు కదా. డాక్టరు గారు ఎత్తి వంచేసరికి అడుగు గుంటలోంచి ఫెలిస్మినా పరిచిన తెల్ల గుడ్డ మీద చిటికెడు ఇసుక రాలింది.

"ఇదెక్కడి ఇసుకయ్యా?" అన్నారు.

"మాది" అన్నాను. "మా నాన్న తోటది. మీరు ఆ రోజు తాగిందీ ఈ వైనే. నా కొండది కాదు. నేను కూడా ఈ కొండవాణ్ణి కాను, సముద్రం ఒడ్డువాణ్ణి."

కోప్పడతారనుకున్నాను. "మీ నాన్నగారిని కలవాలే" అన్నారు. పోయారని చెప్పాను. "అయితే అక్కగారిని కలుస్తాను. పెళ్లికి మాత్రం నీ కొండదే పంపు, కుర్రవాళ్లు తాగేది. ఇలాంటిది పెళ్లిలో పోస్తే పాడైపోతుంది" అన్నారు. ఫెలిస్మినా ఆ ఇసుకను దులపలేదు. గుడ్డ నాలుగు కొసలూ కలిపి మూట కట్టి నా చేతికిచ్చింది. "ఎక్కణ్ణించి వచ్చిందో అక్కడే పోసి రండి. మీకు ఇక్కడ జనవరి దాకా పనేమీ లేదు" అంది. పదహారేళ్లలో ఆమె నాతో చెప్పిన అతి మంచి మాట అది.

నాన్న సుద్దతో నా పేరు రాశాడన్న సంగతి చదివి ఏడ్చాను. ఈసారి ఫెలిస్మినా కాదు, నేనే.

వస్తున్నాను. ఈ శనివారం సింత్రా స్టేషన్లో దిగుతాను. ఎదురు రావద్దు, దారి మర్చిపోలేదు. ఫోర్కు కూడా అడగను.

ఒక్క మాటకు మాత్రం ఒప్పుకోను. నువ్వు నా పేరు చెప్పడం చెల్లదు, ఎందుకంటే దిగేది నువ్వు కాదు. నాన్న బుట్ట తీసి దులిపి ఉంచు. అది నా తల మీద పెట్టుకుంటాను. దిగేవాడు పేరు చెప్పాలి కదా, చెబుతున్నాను విను: పైన మా అక్క యులాలియా ఉంటుంది.

గోడ కదిలితే కేకెయ్యి. బుట్టలో ఉన్నా, ఇసుకలో ఉన్నా నీ గొంతు నాకు వినపడకుండా ఉండదు.

నీ తమ్ముడు
బెల్మీరో